గురి తప్పినా పండగే

ఉక్కు పట్టణం నగర్‌నార్‌కు ఆషాఢ వారాంతమంటే రథం, సంత, వెదురు తుపాకీ

టప్‌మని చప్పుడు. వీపు మీద చురుక్కుమంటుంది. తిరిగి చూస్తే వెదురు గొట్టం పట్టుకుని ఓ కుర్రాడు నవ్వుతుంటాడు. ఆషాఢంలో జగదల్‌పూర్ వీధుల్లో ఈ దెబ్బ తిన్నవాళ్లు కోప్పడరు. తామూ ఓ గొట్టం కొనుక్కుని బాకీ తీర్చుకుంటారు.

జగన్నాథ రథయాత్రకు బస్తర్‌లో పేరు గోంచా. ఒడిశా గుండిచాయే ఇక్కడి వారి నోట గోంచా అయింది. పదహారు కిలోమీటర్ల దూరంలోని నగర్‌నార్ ఉక్కు కర్మాగారం కుటుంబాలకు ఇది ఏటా ఎదురుచూసే విహారం. 2025లో రథయాత్ర జూన్ 27, శుక్రవారం రావడంతో శని, ఆదివారాలు కూడా కలిసొచ్చాయి.

ఆ తుపాకీ పేరు తుప్కీ. సన్నటి వెదురు గొట్టం, అందులో సరిగ్గా పట్టే పుల్ల, అంతే. మందుగుండు పెంగు కాయ. అడవిలో మాల్‌కాంగినీ తీగకు గుత్తులుగా కాసే పచ్చికాయ ఇది. ఒక కాయను గొట్టం చివరిదాకా నెట్టి, వెనక రెండోది పెట్టి పుల్లతో బలంగా తోస్తే, మధ్యలో చిక్కిన గాలి ముందున్న కాయను తన్నేస్తుంది. రథం కదిలేటప్పుడు వేల తుప్కీలు ఒక్కసారిగా పేలతాయి. అది దేవుడికి సలామట. ఆ తర్వాత గురి భక్తుల మీదకు మళ్లుతుంది. తండ్రి మీద కొడుకు, అత్త మీద కోడలు. కోడళ్ల గురి మరీ బాగుంటుందని అనుభవజ్ఞులు చెబుతారు. తుపాకుల వార్తలతోనే లోకానికి తెలిసిన బస్తర్‌లో జనం నవ్వుతూ తూటా తినేది ఈ తొమ్మిది రోజులే.

తెలుగువారికి ఇక్కడ మరో చుట్టరికం ఉంది. 1323లో ఓరుగల్లు పతనమయ్యాక కాకతీయ వంశానికి చెందిన అన్నమదేవుడు ఇటు వచ్చి రాజ్యం స్థాపించాడంటారు. ఆ వంశీకుడు పురుషోత్తమ దేవుడు పూరీ వెళ్లి రథపతి బిరుదు తెచ్చుకున్నాడనీ, గోంచాకు అదే మూలమనీ స్థానికుల నమ్మకం. మ్యూజియంలో ఉండాల్సిన చరిత్ర ఇక్కడ చక్రాల మీద తిరుగుతుంది.

దేవుళ్లు సిర్హాసార్ భవనం చేరి విడిది చేశాక జనం బజారు మీద పడతారు. నానిన పెసలు, పనస తొనల ప్రసాదం చేతిలో ఉండగానే బేరాలు మొదలు. తొలకరికి సాల అడవుల్లో నేలలోంచి తవ్వి తీసే బోడా పుట్టగొడుగులకే గిరాకీ అంతా. తొలి రోజుల్లో వాటి ధర మాంసాన్ని మించిపోతుంది. ఎర్రచీమల పచ్చడి చాప్‌డాను పిల్లలు పందెం కట్టి నాకుతారు, పెద్దలు మొహం తిప్పుకుంటారు. ఢోక్రా కంచు బొమ్మలు చుట్టాలకు కానుకలు.

అమ్మేవాళ్లు, కొనేవాళ్లు ఇంత దగ్గరగా నిలబడటం నగర్‌నార్‌లో ఎప్పుడూ ఉన్నది కాదు. 2001లో భూసేకరణను గ్రామస్తులు గట్టిగా ఎదిరించారు. రెండు దశాబ్దాల తర్వాత, 2023 అక్టోబర్ 3న, ఏటా 30 లక్షల టన్నుల సామర్థ్యమున్న కర్మాగారాన్ని ప్రధాని జాతికి అంకితం చేశారు. అప్పటికే దాన్ని హైదరాబాద్ కేంద్రంగా ఉన్న ఎన్‌ఎండీసీ నుంచి విడదీశారు. ప్రైవేటుకు అమ్మేస్తారన్న భయం భూమి ఇచ్చినవాళ్లకూ, ఉద్యోగం వచ్చినవాళ్లకూ ఉమ్మడిదైంది. విశాఖ ఉక్కు గొడవ చూసినవాళ్లకు ఆ భయం కొత్తగా వివరించనక్కర్లేదు. రథం వెంట నడుస్తున్నా మాటల్లో అదే దొర్లుతుంది.

ఆదివారం రాత్రి తిరుగు ప్రయాణంలో పిల్లల జేబుల నిండా పెంగు కాయలే. రెండు రోజుల్లో అవి వాడి ముడుచుకుపోతాయి, గొట్టంలో బిగుసుకోవు. తుప్కీని మాత్రం తలుపు వెనక మేకుకు తగిలిస్తారు. బహుడా గోంచా, అంటే తిరుగు రథం, వచ్చేది మళ్లీ వారాంతంలోనే. కాయలు అప్పుడు కొనొచ్చు.