నీకు డ్రెస్సు అక్కర్లేదు

మాది బండి ఆత్మకూరు మండలం. ఊరి పేరు చెప్పను. మా మాదిగ గేరి లాంటి గేరి మీ ఊళ్ళోనూ ఉంటాది. తూర్పున నల్లమల, కేసీ కాలువ కింద వరి మళ్ళు. ఆ మళ్ళల్లో ఒక్క మడీ మాది కాదు. అమ్మా నాయనా వాటిల్లోనే కూలికి పోయి నన్ను చదివించినారు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటోణ్ణి నేనే. ఇప్పుడు సర్కారు బళ్ళో అయ్యవారిని.

1997లో నేను నాలుగో తరగతి. స్వాతంత్ర్యం వచ్చి యాభై ఏండ్లయిందని ఆగస్టు 15కు బళ్ళో నాటకం వేసినారు. భరతమాత, నెహ్రూ, గాంధీ, ఒక సిపాయి, ఒక బిచ్చగాడు. భరతమాతకు పట్టుచీర, సిపాయికి నంద్యాల నుంచి బాడుగ డ్రెస్సు. బిచ్చగాడు నేను. "సార్, నా డ్రెస్సు?" అని అడిగితే సారు నన్ను పైనుంచి కిందికి చూసి, "నీకు డ్రెస్సు అక్కర్లేదులేరా, రోజూ వచ్చేటట్లే రా" అన్నాడు. అందరూ నవ్వినారు. నేనూ నవ్వినా. అదే ఇప్పటికీ నాకు సిగ్గు.

ఆ చొక్కా నాయన పనిచేసే ఆసామి ఇంటి నుంచి వచ్చింది. రెండు గుండీలు లేవు, పిన్నీసు పెట్టుకునేవాణ్ణి. కొడుకు నాటకంలో ఉన్నాడని అమ్మ ఆ రాత్రి దాన్ని సబ్బు పెట్టి ఉతికి, పొయ్యి దగ్గర ఆరబెట్టి, చెంబులో నిప్పులు పోసి ఇస్త్రీ చేసింది. పొద్దున సారు చూసి, "ఎవర్రా ఉతకమన్నింది? పాడు చేస్తిరి కదరా!" అని, పిడికెడు మన్ను తీసి నా చొక్కాకు పూసినాడు. అమ్మ గేటు బయట నిలబడి చూస్తా ఉంది. నాటకం బాగా జరిగిందన్నారు.

మా చిన్నమామ నంద్యాలలో డ్రామా డ్రెస్సులు బాడుగకిచ్చే అంగట్లో కుట్టుపని చేసేవాడు. డిగ్రీలో చేరినప్పుడు మామ ఇంట్లోనే ఉన్నా. సాయంత్రం కాలేజీ అయినాక అంగడికి పోయి మిషన్ తొక్కేది. కురుక్షేత్రం, రామాంజనేయ యుద్ధం, హరిశ్చంద్ర, ఏ ఊళ్ళో తిరునాళ జరిగినా మా పెట్టెలు పోవాల్సిందే.

మొదటి నెల కత్తెర ముట్టనియ్యలేదు మామ. తెగిన చమ్కీలు ఏరి మళ్ళా కుట్టమన్నాడు. తర్వాత ఒక్కొక్కటే చెప్పినాడు. ముఖమల్‌కు పోగు ఒకవైపే ఉంటాది, రెండు చేతులూ ఒకే దిక్కుకు కోయకుంటే దీపం వెలుగులో ఒక చెయ్యి నల్లగా, ఒక చెయ్యి ఎర్రగా కనపడతాది. పక్కల్లో రెండంగుళాల గుడ్డ లోపలికి మడిచి వదలాల, వీపు దగ్గర నాడాలు పెట్టాల. ఈ రోజు బక్కోడు వేసిన కోటే రేపు బొజ్జోడు వేస్తాడు. చంకల కింద అరచెయ్యంత గుడ్డ అతకాల, లేకుంటే భీముడు గద ఎత్తగానే పర్రుమంటాది. పాత పేపర్లు చింతగింజల జిగురుతో కుండ మీద పొరలు పొరలుగా అంటించి ఎండబెడితే కిరీటం. "ముందువరసోడి కోసం కుట్టొద్దు అల్లుడా, చివర్న నిలబడి చూసేటోడి కోసం కుట్టు. చివర్న నిలబడేది మనోళ్ళే" అనేవాడు.

కోటు అస్తరు తిరగేసి చూపించేవాడు. బయట జరీ, లోపల చెమట మరకలు. ఏ కులమోడి చెమట ఏదో ఎవరికీ తెలీదు. మా చేతుల కుట్టు ఒంటి మీద వేసుకుని తెల్లార్లూ రాజుగా ఉండినోళ్ళే, కొన్ని ఊళ్ళల్లో పొద్దున మామకు టీ వేరే గ్లాసులో ఇచ్చినారు.

కృష్ణుడికి ఒక పెట్టె, దుర్యోధనుడికి ఒక పెట్టె. వీరబాహుడికి మాత్రం పెట్టె లేదు. "ఏదో ఒక నల్లగుడ్డ పారెయ్, మసి పూసుకుంటాడు" అనేవాళ్ళు నాటకమోళ్ళు. కాటిసీనులో జాషువా పద్యాలు పాడితే వన్స్‌మోర్ కొడతారు. ఆ పద్యాలు మనవాడివి. కాటికాపరి వేషానికి మాత్రం గుడ్డ దొరకదు. ఎందుకని చానా రోజులు నాకు తెలీలేదు. తర్వాత చదివినా. మనుస్మృతి పదో అధ్యాయంలో చండాలుడికి చచ్చినోళ్ళ గుడ్డలే బట్టలని రాసిపెట్టినారు. అంటే మా వేషం ఎవరో ముందే కుట్టిపెట్టినారు. 1927 డిసెంబరు 25న మహద్‌లో బాబాసాహెబ్ ఆ పుస్తకాన్ని తగలబెట్టించినాడు. ఆ సభల్లోనే మన ఆడోళ్ళతో చీరకట్టు మార్చమన్నాడు, అంటరానోళ్ళని గుర్తుపట్టించే నగలు వదలమన్నాడు. గుడ్డ సంగతి ఆయనకు చిన్న సంగతి కాదు.

సినిమా డ్రెస్సుల గురించి కూడా దొరికినదంతా చదివినా. 'గాంధీ' సినిమాకు భాను అథైయా 1983లో ఆస్కార్ తెచ్చింది, మన దేశానికి అదే మొదటిది. సినిమాల్లో పేదోడి వేషానికి కొత్తగుడ్డ తెచ్చి, టీ నీళ్ళల్లో నానబెట్టి, మోచేతుల దగ్గర గరుకు కాగితంతో రుద్ది పాతది చేస్తారంట. అది చదివి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పేదరికం కూడా కుట్టాల్సిన డ్రెస్సేనా! అయితే ఆ రోజు నాకెందుకు కుట్టలేదు?

అయ్యవారినయినాక ఒక నియమం పెట్టుకున్నా. నా నాటకంలో ఎవరూ సొంత గుడ్డలతో స్టేజీ ఎక్కకూడదు. రాజయినా, కూలోడయినా, బిచ్చగాడయినా, డ్రెస్సు నేను కుట్టాల్సిందే. పిల్లోళ్ళకు కొలతలు తీసేటప్పుడు కొందరు ఒంటి మీద టేపు పడగానే నిటారుగా నిలబడతారు. వాళ్ళ ఒంటికి కొలత తీసినోళ్ళు అంతవరకూ లేరు.

ఒక ఏడాది బిచ్చగాడి వేషం ఊరి పెద్దకులం పిల్లోడికి ఇచ్చినా. డాక్టరమ్మ మా గేరి పిల్ల. పిల్లోడి నాయన బడికొచ్చి, "ఏం సారూ, మావాడికి బిచ్చగాడి వేషమా?" అన్నాడు. "వేషమే కదన్నా" అన్నా. అన్నప్పుడు నా కడుపులో సంతోషం పుట్టింది, అబద్ధం చెప్పను. కానీ వెనక్కి తిరిగితే ఆ పిల్లోడు తలొంచుకుని నిలబడి ఉన్నాడు. ఆ నిలబడటం నాకు తెలుసు. వాణ్ణి మిషన్ దగ్గర కూర్చోబెట్టి, కొత్తగుడ్డ చూపించి, వాడి చేతులతోనే టీ నీళ్ళల్లో ముంచినా. "ఇది నీది కాదు, నాటకానిది. అయిపోయినాక విప్పేస్తావు" అన్నా. వాడు చూసి నవ్వినాడు. వాడికి విప్పేసే వీలుంది. మాకు లేకపోయింది. నా పగ ఆ పిల్లోడి మీద కాదని అప్పుడు తెలిసింది.

మొన్న ఏప్రిల్ 14కు అంబేడ్కర్ కోటు కుట్టినా. రాజుల కోట్లకన్నా ఇది కష్టం. కాలరు లోపల కాన్వాసు పెట్టాల, భుజం దగ్గర చెయ్యి ముడత లేకుండా కూర్చోవాల, మెరుపుతో తప్పు కప్పుకునే వీలుండదు. మామకు చూపు మందగించింది, వేళ్ళతో తడిమి చూసి, ఎడమ భుజం రెండుసార్లు విప్పించినాడు. మూడోసారి, "ఇంగ ఉండనీ" అన్నాడు. ఏడో తరగతి పిల్లోడు దాన్ని వేసుకుని, చేతిలో పుస్తకం పట్టుకుని నడిచినాడు.

నాటకం అయినాక కోటు ఇంటికి తెచ్చినా. అమ్మ దాన్ని ఒళ్ళో పెట్టుకుని గుండీలు లెక్కబెట్టింది. అన్నీ ఉన్నాయి. చానాసేపటికి మెల్లగా అడిగింది:

"దీన్ని ఉతకొచ్చునా నాయనా? ఎవరూ ఏమనరు కదా?"