తిరగేసి చూడాలి

జనవరి 5, 2025. హిందూపురం

అమ్మ మోకాళ్ళు ఇక బస్సు మెట్టెక్కే స్థితిలో లేవు. నెలకోసారి బెంగళూరు ఆస్పత్రి. సీటు కాస్త ఎత్తుగా ఉండే బండి కావాలి. కొత్తది మన వల్ల కాదు. సెకండ్ హ్యాండ్‌లో సెల్టోస్ డీజిల్ చూద్దామని ఇంట్లో అనుకున్నాం.

నా ఆశ ఇంకొకటుంది. 2019 ఆగస్టు 8న ఎర్రమంచి కియా ఫ్యాక్టరీ నుంచి మొదటి సెల్టోస్ బయటికొచ్చింది. వానకోసం ఆకాశం చూసి, అది రాక వలసబస్సెక్కిన నేల మనది. ఆ నేల మీద కారు తయారైంది. ఆ ఏడాది బండే దొరికితే ఎంత బాగుంటుంది!

జనవరి 8. పెనుకొండ

"నేనొచ్చేదాకా స్టార్ట్ చేయొద్దన్నా" అని బండి అమ్మే అతనికి రాత్రే ఫోన్‌లో చెప్పాను. పొద్దున ఆరున్నర. కోట మీద మంచు ఇంకా విడలేదు. బానెట్ మీద అరచెయ్యి పెడితే వెచ్చగా తగిలింది.

చల్లారిన ఇంజనే నిజం చెబుతుంది. ఒక్క తిప్పుకు అందుకుందా, పొగ ఏ రంగులో వచ్చింది అన్నది అప్పుడే తెలిసేది. నీలంగా వస్తే ఆయిల్ మండుతున్నట్టు. తెల్లపొగ ఎంతకీ ఆగకపోతే కూలెంట్ లోపలికి దిగుతోందేమోనని అనుమానించాలి.

మీటరులో 42 వేల కిలోమీటర్లే. బ్రేకు పెడల్ రబ్బరు మీది గీతలు మాత్రం పూర్తిగా అరిగి నున్నగా ఉన్నాయి. సర్వీసు కాగితాలు పోయాయట. నమస్కారం పెట్టి వచ్చేశాను. మన జిల్లాలో పుట్టిన బండే అయినా, పుట్టాక ఎవరి చేతిలో ఎలా పెరిగిందో చూసుకోవాలి కదా.

జనవరి 11. ధర్మవరం

మామ గుంటమగ్గంలో కూర్చునే మాట్లాడాడు. "కారు సంగతి నాకేం తెలుసు అల్లుడూ! చీరయితే తిరగేసి చూస్తా. పైన పువ్వు అందరికీ బాగానే కనబడుతుంది." చీర అంచును తిప్పి నా వేలు పట్టుకుని ఒకచోట ఆనించాడు. ఆవగింజంత గరుకు. తెగిన పోగుకు వేసిన ముడి. "ముడి ఉండడం తప్పు కాదు. చెప్పకుండా అమ్మడమే తప్పు."

జనవరి 12. ధర్మవరం

రిటైరైన టీచరు గారి బండి. ఏపీ 39, అక్టోబరు 2019 రిజిస్ట్రేషన్. బానెట్ చల్లగా ఉంది. హిందూపురం నుంచి తోడొచ్చిన మెకానిక్ అన్న తాళం తిప్పమన్నాడు. వెంటనే అందుకుంది. పొగ లేదు. అన్న టార్చి పట్టుకుని కిందికి దూరాడు. తుప్పు లేదు, ఆయిల్ చెమ్మ లేదు.

నేను కార్పెట్ ఎత్తి చూశాను. పొడి ఎర్రదుమ్ము, మన దుమ్మే. సీటు బెల్టును చివరిదాకా లాగాను. నీళ్ళలో మునిగిన బండయితే ఆ చివర బురద గీత ఉంటుంది. 2021 నవంబరు వరదల్లో వెల్దుర్తి దగ్గర చిత్రావతిలో చిక్కుకున్న పదిమందిని వైమానిక దళం హెలికాప్టర్‌లో తేవాల్సి వచ్చింది. అందుకే మా వైపు ఏ బండి చూసినా ఈ బెల్టు లాగడం మానకూడదు.

స్టెప్నీ టైరు మీద 3519 అని ఉంది. 2019లో 35వ వారం. బండితో వచ్చిందే.

కుడి ఫెండర్ బోల్టు తల మీద రంగు చెదిరి ఇనుము కనబడింది. నేను నోరు తెరవకముందే సార్ చెప్పారు: "బత్తలపల్లి రోడ్డులో గేదె అడ్డమొచ్చింది నాయనా. ఫెండర్ మార్పించా. ఇదిగో బిల్లు."

మామ నా వేలు ఆనించిన ముడి గుర్తొచ్చింది.

జనవరి 17. హిందూపురం

గౌరిబిదనూరు వైపు కేఏ నంబరు బండి చవగ్గా ఉందని ఒకరు లాగారు. దానికి అక్కడి ఆర్టీఓ ఎన్ఓసీ కావాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ మళ్ళీ కట్టాలి. లెక్కేస్తే చవక ఏమీ మిగల్లేదు.

సార్ బండి కాగితాలు చూశాను. బ్యాంకు అప్పు తీరింది. ఎన్ఓసీ, ఫారం 35 ఉన్నాయి. చలాన్లు లేవు. చాసిస్ నంబరును ఆర్సీతో అక్షరం అక్షరం సరిచూసుకున్నాం. 29, 30 ఫారాల మీద సంతకాలు. ఇన్సూరెన్స్ 14 రోజుల్లోపు నా పేరుకు మార్చుకోవాలి. నో క్లెయిమ్ బోనస్ మాత్రం సార్‌దే, బండితో రాదు.

జనవరి 19

ధర్మవరం నుంచి ఇంటికి. పెనుకొండ దగ్గర హైవే పక్కన కియా ఫ్యాక్టరీ కనబడగానే కాస్త నెమ్మదించాను. ఐదేళ్ళ కింద ఇక్కడినుంచే వెళ్ళిన బండి.

ఇంటి ముందు అమ్మ చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించింది. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా సీట్లో కూర్చుని చూసింది. దిగి ఫెండర్‌కు పసుపు రాస్తూ అడిగింది: "ఆ గేదె ఏమైందిరా?"

అన్నీ అడిగాను, ఇదొక్కటి అడగలేదు. సార్‌కు ఫోన్ చేశాను. నెల రోజులు కుంటిందట, తర్వాత బాగైంది. డాక్టరు ఖర్చు ఆయనే ఇచ్చారట.

ఆ బిల్లు మాత్రం నాకు చూపించలేదు.