శిలువ చెప్పే లెక్క

బంగారం కొట్లో గొలుసుకు లాకెట్‌గా వేలాడుతూ కనిపిస్తుంది. ఆసుపత్రి గోడ మీద, ఆటో అద్దం మీద, సమాధి రాయి మీద కనిపిస్తుంది. క్రైస్తవులు కానివాళ్లకు కూడా అదేమీ కొత్త గుర్తు కాదు. అంతగా అలవాటైపోయింది కనుకనే అసలు అదేమిటన్నది మరుగున పడిపోయింది.

శిలువ... మనుషుల్ని చంపే కొయ్య!

ఉరితాడును బంగారంతో చేయించుకుని మెడలో వేసుకుంటామా? ఆ ఊహకే ఒళ్లు జలదరిస్తుంది కదా. రెండు వేల ఏళ్ల కిందటి రోమన్ పౌరుడికి మన లాకెట్ చూపిస్తే అతనూ అలాగే ఉలిక్కిపడేవాడు.

సిగ్గుపడాల్సిన చావు

శిలువ వేయడం రోమన్లు కనిపెట్టింది కాదు. పర్షియన్లు, కార్తేజ్ వాళ్లు అంతకుముందే వాడారు. రోమన్లు దాన్ని పకడ్బందీ శిక్షగా మార్చారు. బానిసలకు, తిరుగుబాటుదారులకు ప్రత్యేకించిన చావు అది. రోమన్ పౌరులకు మామూలుగా ఆ శిక్ష వేసేవారు కాదు. ఆ మాట కూడా పౌరుల చెవిన పడకూడదన్నాడు ప్రసిద్ధ వక్త సిసిరో. క్రీ.పూ. 71లో స్పార్టకస్ తిరుగుబాటును అణిచేశాక, పట్టుబడిన 6,000 మందిని కాపువా నుంచి రోమ్ దాకా రోడ్డు పొడవునా శిలువ వేశారు. దారినపోయే ప్రతి బానిసా చూడాలి, భయపడాలి. అందుకే ఆ ఏర్పాటు.

శిక్ష పడినవాడు అడ్డదూలాన్ని తనే మోసుకెళ్లాలి. నలుగురి మధ్య ఒంటి మీద బట్టలు తీసేసేవారు. ప్రాణం పోవడానికి గంటలు పట్టేది, ఒక్కోసారి రోజులు పట్టేది. 1968లో జెరూసలేం దగ్గర ఒక సమాధిలో మడమ ఎముక దొరికింది. ఇనుప మేకు అందులోనే ఉండిపోయింది. ఎంతమందిని అలా చంపారో చరిత్ర చెబుతుంది. ఎలా చంపారో ఆ ఒక్క ఎముక చెబుతుంది.

అలాంటి చావు చచ్చినవాణ్ని దేవుడంటే లోకం నవ్వకుండా ఉంటుందా? నవ్వింది. రోమ్‌లోని పాలటైన్ కొండ మీద 1857లో ఒక గోడ బయటపడింది. దాని మీద ఎవరో ఆకతాయి గీసిన బొమ్మ. శిలువ మీద గాడిద తల ఉన్న మనిషి. కింద చెయ్యెత్తి నిలబడ్డ ఓ యువకుడు. అలెక్సమెనోస్ తన దేవుణ్ని పూజిస్తున్నాడంటూ పక్కనే గ్రీకులో వెక్కిరింత. యేసును శిలువ మీద చూపించే బొమ్మల్లో ఇప్పటిదాకా దొరికిన అతి పాతవాటిలో ఇదొకటి. గీసింది భక్తుడు కాదు, ఎగతాళి చేసినవాడు!

అయినా క్రైస్తవులు ఆ కొయ్యను దాచిపెట్టలేదు. కొండ మీద చేసిన బోధ ఉంది, రోగుల్ని బాగుచేసిన కథలున్నాయి. వాటిలో ఏదో ఒకటి గుర్తుగా పెట్టుకోవచ్చు. కానీ విశ్వాసానికి నడిమధ్యన నిలిపింది శిలువనే. ఎందుకు?

చించేసిన ప్రోనోటు

దీనికి వేదాంతులు రకరకాలుగా జవాబిచ్చారు. బానిసల్ని విడిపించే వెల అన్నారు కొందరు. మరణం మీద గెలుపు అన్నారు ఇంకొందరు. మన శిక్ష ఆయన భరించాడన్నారు మరికొందరు. వాటన్నిటి కింద పారే నీరు ఒకటే... క్షమాపణ. దాన్ని పౌలు కొలొస్సీ సంఘానికి రాసిన ఉత్తరంలో అప్పు లెక్కగా చెప్పాడు. మన మీద ఉన్న అప్పు పత్రాన్ని దేవుడు రద్దు చేసి, శిలువకు మేకులతో కొట్టేశాడన్నది అక్కడి పోలిక.

పల్లెల్లో పెరిగినవాళ్లకు ఈ పోలిక ఇట్టే అర్థమవుతుంది. పంట పోయింది. రైతు అప్పు తీర్చలేడు. ఇచ్చినాయన ఓ రోజు పిలిచి, ప్రోనోటు తీసి, కళ్లెదుటే చించేశాడనుకుందాం. రైతు గుండె తేలికవుతుంది. మరి ఆ డబ్బేమైంది? గాలిలో కలిసిపోలేదు. ఆ నష్టం చించినాయన ఇంట్లో ఉంది. ఆ ఏడాది ఆయన కూతురి పెళ్లి వాయిదా పడొచ్చు. మాఫీ అంటే బాకీ మాయమవడం కాదు, ఇచ్చినవాడే దాన్ని మోయడం.

శిలువ చెప్పే లెక్క ఇదే. తప్పు జరిగినప్పుడు నష్టం ఎక్కడో ఒకచోట పడాలి. పగ తీర్చుకుంటే ఎదుటివాడి మీద పడుతుంది, అక్కణ్నుంచి వాడి పిల్లల మీద పడుతుంది. క్షమిస్తే దెబ్బతిన్నవాడి మీదే పడుతుంది. ఆ నష్టాన్ని దేవుడే తన మీద వేసుకున్నాడని క్రైస్తవ విశ్వాసం. గుడ్ ఫ్రైడే నాడు మన చర్చిల్లో మధ్యాహ్నం ఏడు మాటల ధ్యానం జరుగుతుంది. ఆ ఏడింటిలో మొదటిది, తనను మేకులు కొట్టినవాళ్లను క్షమించమని తండ్రిని వేడుకున్న మాట. నొప్పి తగ్గాక అన్నది కాదు. నొప్పిలో ఉండగా అన్నది.

‘వారిని’ అన్న మాట లేదు

చెప్పడం తేలికే. చెయ్యడం?

1940 నవంబరు 14 రాత్రి జర్మన్ విమానాలు ఇంగ్లండ్‌లోని కోవెంట్రీ మీద బాంబుల వాన కురిపించాయి. 500 మందికి పైగా చనిపోయారు. మధ్యయుగాల నాటి చర్చి కాలి మొండిగోడలు మిగిలాయి. శిథిలాల్లో మాడిపోయిన రెండు దూలాలు శిలువ ఆకారంలో పడి ఉండటం ఒక తాపీ పనివాడి కంట పడింది. ఆయన వాటిని కట్టి నిలబెట్టాడు. చర్చి పెద్ద రిచర్డ్ హోవర్డ్ ఆ వెనక గోడ మీద రెండే మాటలు చెక్కించాడు... ‘తండ్రీ, క్షమించు’. ‘వారిని’ అని లేదు. క్షమాపణ కావాల్సింది జర్మన్లకు మాత్రమే కాదని ఆ ఖాళీ చెబుతోంది.

1945 ఫిబ్రవరిలో బ్రిటిష్, అమెరికన్ విమానాలు జర్మనీలోని డ్రెస్డెన్‌ను బూడిద చేశాయి. సుమారు 25,000 మంది పోయారు. అక్కడి ఫ్రావెన్‌కిర్షే చర్చి కుప్పకూలింది. దాన్ని తిరిగి కట్టినప్పుడు, 2004లో గోపురం మీద నిలిపిన బంగారు పూత శిలువను చేసింది లండన్ స్వర్ణకారుడు అలన్ స్మిత్. ఆయన తండ్రి డ్రెస్డెన్ మీద బాంబులు వేసిన విమాన చోదకుల్లో ఒకరు!

మన దేశంలోనూ అలాంటి కథ ఉంది. ఒరిస్సా (ఇప్పటి ఒడిశా)లోని బారిపదలో కుష్ఠు రోగులకు సేవ చేస్తున్న ఆస్ట్రేలియన్ గ్రాహం స్టెయిన్స్‌ను, పదేళ్ల ఫిలిప్‌ను, ఆరేళ్ల తిమోతిని 1999 జనవరిలో మనోహర్‌పూర్‌లో, బండిలో నిద్రపోతుండగా సజీవ దహనం చేశారు. భార్య గ్లాడిస్, కూతురు ఎస్తేర్ మిగిలారు. చంపినవాళ్లను క్షమిస్తున్నానని గ్లాడిస్ చెప్పారు. కానీ కేసు ఆగలేదు. ప్రధాన నిందితుడు దారాసింగ్‌కు పడిన జీవిత ఖైదును 2011లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. తన మనసులో ఏం చేయాలో ఆమె చేశారు. చట్టం తన పని చేసింది. ఆ హత్యల తర్వాత కూడా ఆమె కొన్నేళ్లు బారిపదలోనే ఉండి ఆ రోగుల సేవ కొనసాగించారు. 2005లో ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది.

ఎవరి శిలువ ఎవరు మోయాలి?

ఇక్కడే ఒక ప్రమాదం ఉంది. తాగొచ్చి కొట్టే మొగుడితో వేగలేక పుట్టింటికొచ్చిన పిల్లకు ‘నీ శిలువ నువ్వు మోయాలమ్మా’ అని నచ్చజెప్పి పంపేవాళ్లున్నారు. కూలి ఎగ్గొట్టినవాణ్ని నిలదీస్తే ‘క్షమించెయ్యి’ అనేవాళ్లున్నారు. సువార్తల్లోని శిలువకు ఇది పూర్తిగా వ్యతిరేకం. తన ప్రాణాన్ని ఎవరూ లాక్కోలేదని, తానే పెడుతున్నానని యేసు చెప్పినట్టు యోహాను రాశాడు. ప్రోనోటు చించే హక్కు అప్పిచ్చినవాడిది. పక్కింటివాడు వచ్చి చించేస్తే అది దౌర్జన్యం. శిలువ ఎత్తుకునేది, ఇంకొకరి భుజాన పెట్టేది కాదు.

అందుకే అది ఒక్క రోజు పండగతో తీరే విషయం కాదు. గుడ్ ఫ్రైడే నాడు తెల్లబట్టలు కట్టుకుని చర్చిలో కూర్చున్నవాళ్లలో, గట్టు తగాదాతో పదేళ్లుగా మాట్లాడుకోని అన్నదమ్ములుంటారు. ఆస్తి పంపకాల్లో మాటామాటా అనుకుని, పెళ్లిళ్లకు కూడా పిలుచుకోని అక్కచెల్లెళ్లుంటారు. ఎవరి దగ్గరి లెక్క వాళ్లకు సరైనదే. ఎవరి ప్రోనోటు వాళ్ల బీరువాలో భద్రంగా ఉంటుంది.

మూడు గంటల ధ్యానం అయ్యాక చర్చి బయట చెప్పులు వెతుక్కుంటూ ఇద్దరూ ఎదురుపడతారు. ముందు ‘బావున్నావా’ అన్నవాడికే నష్టం. ఆ నష్టం ఎవరు భరిస్తారన్నదే అసలు ప్రశ్న.