గుండ్రని తొట్టి

మన యూళ్ల సంతలలో కొరమీనును అమ్మువారు దానిని వీపు తడియునంత నీటిలో నుంచుదురు. అయినను అది గంటల తరబడి బ్రదికియుండును. ఏలయన, కొరమీను నోరు పైకెత్తి గాలిని పీల్చుకొనగలదు. ఈ శక్తి అన్ని చేపలకును లేదు. సముద్రమున గుంపులు గుంపులుగా దిరుగు కవళ్లును, నెత్తళ్లును నీటిలో కరగియున్న ప్రాణవాయువును మాత్రమే మొప్పలతో గ్రహించును. అట్టి చేపలను పడవపై ఒక దినము బ్రదికించుట సామాన్యమైన పని కాదు.

అమెరికా సంయుక్త రాష్ట్రములలో, పసిఫిక్ మహాసముద్ర తీరమున, శాన్ డియాగో అను రేవుపట్టణము కలదు. ఇరువదవ శతాబ్ది పూర్వార్ధమున అచ్చటినుండి వేటకు బయలుదేరు నౌకలు ఎరచేపలను తొట్లలో సజీవముగా గొనిపోయి, వాని సాయమున సూరచేపలను గాలములతో పట్టెడివి. 1950వ దశకము చివరనుండి ఆ నౌకలు పెద్దవలలకు మారినవి. కాని వినోదార్థము గాలము వేయువారు నేటికిని తమ పడవలపై ఎరతొట్టిని విడువలేదు. వారికి కావలసిన కవళ్లను రేవులో నీటిపై తేలు దొడ్లలో నుంచి అమ్ముదురు. వలలోబడి బెదరిన చేపలు ఆ దొడ్లలో కొన్ని దినములుండి కోలుకొనును.

ఆ పట్టణమున ఒక వడ్రంగి యుండెను. చిరకాలము కూడబెట్టిన సొమ్ముతో అతడొక చిన్న పడవను గొనెను. చేతిపనిలో నేర్పరి గావున, ఎరతొట్టిని తానే నిర్మించెను. అది నలుచదరముగా, నున్నగా, చూచువారు మెచ్చునట్లుండెను. అడుగున గాలిబుడగలు వచ్చు చిన్న యంత్రము నమర్చెను. ఒకనాటి వేకువను పండ్రెండేండ్ల కుమారుని వెంటబెట్టుకొని దొడ్డికడకు పోయి, తొట్టి పట్టినన్ని కవళ్లను గొని, సముద్రముపైకి సాగెను.

ఎండ యెక్కునప్పటికి బాలుడు మూత తీసిచూచెను. చేపలు మూలలకు జేరి ఒకదానినొకటి త్రోసికొనుచుండెను. వాని ముక్కులు గోడలకు రాచుకొని ఎర్రబారెను. కొన్ని వెల్లకిలబడి తేలుచుండెను. వేటస్థలము చేరుసరికి ప్రాణముతో మిగిలినవి పదియైనను లేవు. ఎదుట సూరచేపలు నీటిపై నెగురుచుండగా తండ్రీకొడుకులు వట్టిచేతులతో మరలిరి.

దొడ్డికడ ఎరచేపలమ్ము వృద్ధుడు తొట్టిని పరిశీలించి, “నాయనా, నీవు చక్కని పెట్టెను చేసితివి. చేపకు ఇల్లు కట్టలేదు” అనెను.

పిమ్మట అతడు కారణములను ఒక్కొక్కటిగా వివరించెను. కవ్వ నిలువయుండు చేప కాదు. గుంపుతో గూడి ఎల్లప్పుడు ఈదుచుండును. మూల యెదురైనచో దానికి దారి తప్పును. గుండ్రని గోడకు మాత్రము అంతము లేదు. ఇక బుడగలు ప్రాణవాయువును కొంత ఇచ్చునుగాని, చేపలు విసర్జించు అమోనియా అను విషమును తొలగింపజాలవు. నీరు వేడెక్కిన కొలది అందు కరగు ప్రాణవాయువు తగ్గును. పది డిగ్రీల ఉష్ణమున లీటరు మంచినీటిలో సుమారు 11 మిల్లీగ్రాములు కరగును. ముప్పది డిగ్రీలలో 7.5 మిల్లీగ్రాములే. ఉప్పునీటిలో ఇంకను తక్కువ. కావున చేపలను మితముగా నుంచి, నీటిని మాటిమాటికి మార్చవలెను. పొడిచేతితో చేపను తాకరాదు. దాని యొంటిపై జిగురుపొర పోయినచో రోగము సులభముగా సోకును.

వడ్రంగి తన పనితనము నిట్లు తప్పుపట్టినందుకు చిన్నబుచ్చుకొనలేదు. పాత తొట్టిని విప్పివేసి 380 లీటర్ల గుండ్రని తొట్టిని సిద్ధపరచెను. నిండిన పిమ్మట అందలి నీరే సుమారు 390 కిలోగ్రాములు తూగును, అనగా ఆరుగురు మనుష్యుల బరువు. అందుచే దానిని అమరమునకు, అనగా పడవ వెనుకభాగమునకు చేరువగా, నడుమ, వీలైనంత క్రిందుగా బిగించెను. పడవ అడుగున నీటిమట్టమునకు దిగువనుండి పంపు సముద్రజలమును తోడునట్లు చేసెను. గంటకు ఆరుమారులు నీరు మారవలెనన్నచో నిమిషమునకు 38 లీటర్లు రావలెను. ఆ లెక్కను కుమారుడే వేసి చూపెను. గొట్టపు రంధ్రములను ఏటవాలుగా నమర్చుటచే నీరు మెల్లగా సుడి తిరుగును. వడి ఎక్కువైనచో చేపలు ఎదురీది అలసిపోవును. తొట్టి అంచువరకు నిండినట్లుండి, మిగిలిన నీరు జల్లెడగుండ పొర్లి సముద్రములో పడును. వెలితి తొట్టిలో నీరు అలలకు ఎగసిపడి చేపలను గోడలకు గొట్టును. వీనికితోడు వృద్ధుని మాటపై రెండవ పంపును గూడ అమర్చెను.

మన దేశమున లక్షద్వీపములలోని మినికాయ్ దీవివాసులును సూరచేపల వేటకై సజీవమైన ఎరను గొనిపోవుదురు. వారి సంప్రదాయపు పడవలలో ఎరగది అడుగున రంధ్రములుండును. వానిగుండ సముద్రమే లోనికి వచ్చి పోవుచుండును. యంత్రము లేకున్నను సూత్రమొక్కటే.

కొత్త తొట్టితో వారు మరల బయలుదేరిరి. కవళ్లన్నియు ఒకే దెసకు తిరిగి, వెండిచక్రము వలె నెమ్మదిగా ఈదుచుండెను. నడిసముద్రమున తండ్రి చుక్కాని పట్టియుండగా బాలుడు ఉలికిపడి, “నాన్నా, నీరు పొర్లు చప్పుడు వినబడుటలేదు” అనెను. చూడగా సముద్రపు నాచు పంపుదారికి అడ్డుపడియుండెను. తక్షణమే రెండవ పంపును నడపిరి. కొంతసేపటికి పరిచితమైన ఆ సవ్వడి మరల వినబడెను. ఆనాడు వారికొక సూరచేప చిక్కినది.

తీరమునకు మరలునపుడు మిగిలిన కవళ్లను దొడ్డియొద్దనే సముద్రములో విడిచిరి. బాలుడు కొంతతడవు వానివైపు చూచి, “ఎటులైనను ఎరకు పోవలసినవే గదా, వీనికై ఇంత శ్రమ యేల?” అని యడిగెను.

తండ్రి కొంచెము ఆలోచించి, “వేటలో పోవు ప్రాణము వేరు, మన యజాగ్రత్తచే పోవు ప్రాణము వేరు. మొదటిదానికి మన యవసరమొక కారణమున్నది. రెండవదానికి ఏమి కారణము చెప్పగలము?” అనెను.

బాలుడు బదులు పలుకలేదు. మరుసటి వేటనుండి తొట్టిచెంతనే కూర్చుండి ఆ నీటిసవ్వడిని ఆలకించుట తన పనిగా నేర్పరచుకొనెను.