లెక్క తేలని ముప్పై లీటర్లు

పొద్దున ఆరు కాకముందే లక్సెట్టిపేటలో టీ కొట్లు తెరుచుకుంటాయి. ఇటు మంచిర్యాలకు, అటు జగిత్యాలకు బస్సులు కదులుతాయి. సరిగ్గా ఆ వేళకు రోడ్డు పక్కన బంకులో మేనేజరు వంగి, నేలమీది ఇనుప మూత ఎత్తుతాడు. మనిషికంటే పొడవైన డిప్ రాడ్డును లోపలికి దించుతాడు. కొసకు పూసిన పేస్టు రంగు మారితే ట్యాంకులో నీళ్లు చేరినట్టు. రాడ్డు ఎంతవరకు తడిసిందో చూసి, చార్టుతో పోల్చి లీటర్లలోకి మార్చుకుంటాడు. ఇరవై ఏళ్లుగా ఆయన దినచర్య ఇదే.

ఓ యాసంగి కోతల కాలంలో ఆ లెక్క తప్పడం మొదలైంది. నిన్నటి నిల్వ, వచ్చిన లోడు కలిపి, మీటర్లు చూపిన అమ్మకం తీసేస్తే ఉండాల్సినంత పెట్రోలు ట్యాంకులో లేదు. రోజూ పాతిక, ముప్పై లీటర్లు తక్కువ.

ఎండే కారణం అనుకున్నాడు మొదట. అది ఉత్త సాకేమీ కాదు. పది వేల లీటర్ల పెట్రోలు ఒక్క డిగ్రీ చల్లబడితే సుమారు పన్నెండు లీటర్లు కుంచించుకుపోతుంది. ఎండలో కాగుతూ వచ్చిన ట్యాంకరు లోడు నేలలోపల చల్లబడిందంటే లెక్క తగ్గక మానదు. కానీ లోడు రాని రోజుల్లోనూ తగ్గుతోందే!

సేటు మాత్రం ఒక్క మాటతో తేల్చేశాడు. "పోరగాళ్లు తీస్తున్నరు. రెండో పంపు పోరన్ని ఇంటికి పంపు."

పంపక తప్పలేదు. ఆ కుర్రాడు ఏమీ అనకుండా యూనిఫాం చొక్కా మడిచి బల్లమీద పెట్టి పోయాడు. మర్నాడూ ముప్పై లీటర్లు తక్కువే వచ్చింది. తూనికలు కొలతల శాఖ ముద్రవేసిన ఐదు లీటర్ల కొలత పాత్రతో పంపులన్నీ పట్టి చూశాడు. ఎక్కడా చుక్క తేడా లేదు.

ఆ సాయంత్రమే వెనకింటి అవ్వ వచ్చింది. "బిడ్డా, బోరు నీళ్లు గాసునూనె వాసనొస్తున్నయి. నీకేమన్న ఎరుకనా?"

ఆ రాత్రి ఆయనకు నిద్ర పట్టలేదు. పెట్రోలులో బెంజీన్ ఉంటుంది. రక్త కాన్సర్‌కు దారితీసే పదార్థమది. చెన్నై తొండియార్‌పేటలో 2013లో భూగర్భ పైపులైను కారి ఇళ్ల బోర్లలోకి ఇంధనం చేరిన సంగతి ఆయనకు గుర్తుంది. అమెరికాలో ఇలాంటి కారుడు కేసులు ఐదు లక్షలకు పైగా బయటపడ్డాయి. జనం గగ్గోలు పెట్టాక 1984లో చట్టం, 1988లో నిబంధనలు వచ్చాయి. అక్కడి బిగువు పరీక్ష గంటకు 0.1 గ్యాలన్, అంటే సుమారు 380 మిల్లీలీటర్ల కారుడును కూడా పట్టుకోవాలి. ఒక టీ గిన్నెడు! వినడానికి చిన్నదే కానీ, నెలకు 270 లీటర్లు దాటుతుంది.

మన దగ్గరా నిబంధన ఉంది. 2002 నాటి పెట్రోలియం రూల్స్ ప్రకారం నీటి ఒత్తిడితో పరీక్షించి, అర్హుడైన నిపుణుడు ధ్రువపత్రం ఇచ్చాకే ట్యాంకులో ఇంధనం నింపాలి. బడులు, ఆసుపత్రులు, ఇళ్లకు కొత్త బంకులు 50 మీటర్ల దూరం పాటించాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020లో చెప్పింది. అంతకు ఎన్నో ఏళ్ల ముందే కట్టిన బంకు వెనక అవ్వ ఇల్లు ఎన్ని మీటర్లుందో కొలిచిన వాళ్లెవరు?

మూడు రాత్రులు మేనేజరు ఇంటికి పోలేదు. పదింటికి అమ్మకం ఆపి డిప్ చూశాడు, తెల్లవారి ఐదింటికి మళ్లీ చూశాడు. మూడు రాత్రులూ గీత కదల్లేదు. ఇరవై వేల లీటర్ల ట్యాంకు సగం నిండి ఉన్నప్పుడు రాడ్డు మీద ఒక మిల్లీమీటరంటే సుమారు పది లీటర్లు. గిన్నెడు కారుడు ఆ రాడ్డుకు కనబడదు, నిజమే. కానీ పోతున్నది ముప్పై లీటర్లు. అది రాత్రి పోవడం లేదు. పంపు నడిచే పగటిపూటే పోతోంది.

అంటే ట్యాంకు కాదు, పైపు!

పాతకాలం బంకుల్లో పైనున్న పంపు పెట్రోలును పీల్చుకునేది. పైపుకు చిల్లుపడితే గాలి లోపలికి పోయి పంపు మొరాయించేది, సంగతి వెంటనే తెలిసేది. ఇప్పుడు చాలాచోట్ల ట్యాంకులోనే మునిగి ఉండే పంపు పెట్రోలును పైకి తోస్తుంది. పైపులో సందు దొరికితే మట్టిలోకీ అంతే జోరుగా తోస్తుంది. పైన నాజిల్ మాత్రం మామూలుగానే పోస్తుంటుంది.

సేటు ముందు కాగితం పెట్టాడు మేనేజరు. "లైను బందుపెట్టి పరీక్ష చేయించాలె సేటూ. కాంక్రీటు పగలగొట్టాలె."

"కోతల సీజన్ల? హార్వెస్టర్లు, ట్రాక్టర్లు డీజిల్‌కు ఎటు పోవాలె?"

"అవ్వ బోరుల వాసనొస్తున్నది. నేనైతే ఈ లెక్క మీద సంతకం పెట్టను."

ఇరవై ఏళ్లలో ఆయన సేటుకు ఎదురుచెప్పింది అదొక్కసారే.

కంపెనీకి ఫోను పోయింది. మెకానిక్కులు వచ్చి లైను మూసి ఒత్తిడి పెట్టారు. గేజిలో ముల్లు నిలవలేదు, చూస్తుండగానే జారింది. రెండో పంపు కింద తవ్వితే వాసన గుప్పున కొట్టింది. మట్టి నల్లబడి ఉంది. పైపు జాయింటు దగ్గర వెంట్రుకవాసి సందు. బంకు రెండు రోజులు మూతపడింది. సేటు ఆ రెండు రోజులూ అటువైపు రాలేదు.

పైపు మార్చారు, తడిసిన మట్టి తీసేశారు. ట్యాంకుకూ పరీక్ష చేయించారు, అది బాగానే ఉంది. బోరు సంగతే తేలిగ్గా తేలేది కాదు. నేలలోకి దిగిన పెట్రోలు పైపు మార్చినంత మాత్రాన మాయమవదు. నీళ్లు పరీక్షకు పంపి, ఆ బోరు వాడవద్దని చెప్పారు. అవ్వ ఇప్పుడు నల్లా నీళ్లే పట్టుకుంటోంది. అయినా బోరు నీళ్లు బకెట్లో పట్టి, బంకుకు తెచ్చి మేనేజరు ముక్కు దగ్గర పెడుతుంది. "సూడు బిడ్డా, ఇంకున్నదా?"

వాసన లేనంత మాత్రాన మంచి నీళ్లని కాదని ఆయన ప్రతిసారీ చెబుతాడు.

రెండో పంపు కుర్రాడి ఇంటికి మేనేజరే పోయాడు. ఆ పోరడు వెంటనే రానన్నాడు. వాళ్ల నాయన మంచం మీద కూర్చుని, "దొంగ అన్న మాట ఎవలు వాపసు తీసుకుంటరు?" అని అడిగాడు. మేనేజరు దగ్గర జవాబు లేదు. పది రోజుల తర్వాత సేటే బండి మీద వాళ్లింటికి పోయి వచ్చాడు. అక్కడేం మాట్లాడాడో ఎవరికీ చెప్పలేదు. మర్నాడు పొద్దున మేనేజరు మూత ఎత్తేసరికి, రాడ్డు తుడవడానికి బట్ట పట్టుకుని కుర్రాడు పక్కన నిలబడి ఉన్నాడు.