ముప్ఫైమూడు సాళ్ల అవతల ‘పది’

పత్తి, మిరప కబుర్లు తప్ప వేరే మాట వినపడని తుళ్లూరు చుట్టుపక్కల ఇప్పుడు పిల్లల ఆటల గురించీ మాట్లాడుకుంటున్నారు. ఆ మాటల్లో పిస్టల్ షూటింగ్ కూడా ఉంది. దాంతోపాటే ఓ ప్రశ్న: గురి కుదరాలంటే పిస్టల్‌కి ఎలాంటి సైట్ పెట్టించాలి? జవాబు కోసం తుళ్లూరు నుంచి గచ్చిబౌలి దాకా వెళ్లొద్దాం రండి!

గుంటూరు నుంచి తాడికొండ మీదుగా వస్తే తుళ్లూరు. దారి పొడవునా నల్లరేగడి. చినుకు పడితే చెప్పుకు అంటుకుని వదలదు, ఎండితే బీటలు తీస్తుంది. 2015లో రాజధాని కోసం ఇక్కడి 29 గ్రామాల రైతులు 33 వేల ఎకరాలకు పైగా భూమిని సమీకరణకు ఇచ్చారు. ఆ ఏడాది అక్టోబరు 22న ఈ మండలంలోని ఉద్దండరాయునిపాలెంలోనే శంకుస్థాపన జరిగింది. 2019 తరువాత ఆగిన పనులు 2024లో మళ్లీ ఊపందుకున్నాయి. రాజధాని ప్రణాళికలోని తొమ్మిది నగరాల్లో క్రీడానగరం ఒకటి.

ఇన్నేళ్లలో ఊరివాళ్లు బాగా అలవాటుపడిన దృశ్యం ఒకటుంది. మూడు కాళ్ల స్టాండు, దానిమీద యంత్రం, దాని అద్దానికి ఒక కన్ను ఆనించి రెండో కన్ను మూసిన సర్వేయరు! అరకిలోమీటరు అవతలి రాయి కూడా అందులోంచి పక్కనే ఉన్నట్టు కనిపిస్తుంది. పిస్టల్‌కి అలాంటి అద్దం పెడితే సరిపోదా అన్న ఆలోచన ఇక్కడివాళ్లకు రావడంలో వింతేముంది?

డబ్బులు మనయ్యేగా!

తుళ్లూరులో ఓ రైతు కూతురు పదో తరగతి చదువుతోంది. రెండేళ్లు ఎయిర్ పిస్టల్ నేర్చుకుని ఇప్పుడు .22 పిస్టల్ వైపు చూస్తోంది. ఏటా వచ్చే కౌలు డబ్బుల్లోంచి కాస్త పక్కన పెట్టి ఆ అమ్మాయికి మంచి అద్దం కొనిపెట్టాలని తండ్రి ఆశ.

‘‘సర్వేయరు అద్దంలోంచి చూస్తే రాయి ఎదురుగ్గా ఉన్నట్టుంటది. నీ పిస్టల్‌కీ అట్టాంటిదే పెడితే పోలా అమ్మా?’’

‘‘పోటీలో పెట్టనివ్వరు నాన్నా.’’

‘‘ఎందుకు పెట్టనివ్వరు? డబ్బులు మనయ్యేగా!’’

నవ్వొచ్చే మాటే. కానీ దీనికి జవాబు తెలియక వేలకు వేలు పోసిన తల్లిదండ్రులుంటారు. డబ్బు పోతే పోయింది, అద్దంతో ఏడాదిపాటు అలవాటైన కన్ను పోటీ రోజున అద్దం లేకపోతే తడబడుతుంది. పిల్ల మళ్లీ మొదటినుంచీ నేర్చుకోవాలి. అసలు నష్టం అదీ!

చలో గచ్చిబౌలి

తుళ్లూరు నుంచి హైదరాబాద్ దాదాపు 300 కిలోమీటర్లు. ప్రకాశం బ్యారేజీ దాటి నందిగామ, సూర్యాపేట, చౌటుప్పల్ మీదుగా సాగే దారి. నల్లరేగడి వెనకబడి, ఎర్రమట్టి వచ్చి, చివరికి ఒకదానిమీద ఒకటి పేర్చినట్టుండే బండరాళ్లు కనిపిస్తే గచ్చిబౌలి వచ్చేసినట్టే. 2002 డిసెంబరులో ఇక్కడ జాతీయ క్రీడలు జరిగాయి. అప్పుడు సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణలో ఏర్పాటైన షూటింగ్ రేంజి మన తుపాకీ క్రీడాకారులకు పెద్ద దిక్కయింది.

హైదరాబాద్‌కు ఈ ఆటలో పేరు తెచ్చినవాళ్లు తక్కువేం కాదు. గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ కాంస్యం గెలిచాడు. పదమూడేళ్లకే, 2018లో, జాతీయ సీనియర్ ఎయిర్ పిస్టల్ విజేతగా నిలిచిన ఈషా సింగ్ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో 25 మీటర్ల పిస్టల్ టీమ్ స్వర్ణం, వ్యక్తిగత రజతం అందుకుంది. ఆ ఒక్క క్రీడల్లోనే ఆమెకు నాలుగు పతకాలు! గుంటూరు కుర్రాడు నేలవల్లి ముఖేశ్ 2024లో లిమాలో జరిగిన జూనియర్ ప్రపంచ పోటీల్లో పిస్టల్ విభాగాల్లో పతకాలు పట్టుకొచ్చాడు. తుళ్లూరు పిల్లలకు పిస్టల్ మీద మనసు పడిందంటే పడదూ మరి!

ఇంతకీ వీళ్ల పిస్టళ్లమీద ఏ అద్దం ఉంటుంది? ఏదీ ఉండదు!

గాడి, రేకు... అంతే

25 మీటర్ల పోటీలో వాడేది .22 రిమ్‌ఫైర్ పిస్టల్. తూటా వ్యాసం సుమారు 5.6 మిల్లీమీటర్లు. దాని అడుగు అంచులోనే అంటుకునే మందు ఉంటుంది. పిన్ను ఆ అంచుమీద కొట్టగానే పేలుతుంది కాబట్టే ఆ పేరు. అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య నిబంధన ప్రకారం ఈ పిస్టల్‌కి ఓపెన్ సైట్ మాత్రమే ఉండాలి. టెలిస్కోపు, అద్దం, లేజర్, ఎర్రచుక్క చూపించే రెడ్ డాట్... ఏదీ కుదరదు. కంటిచూపు సరిచేసే అద్దాన్ని కూడా పిస్టల్‌కి బిగించకూడదు, షూటర్ కళ్లజోడులో పెట్టుకోవచ్చు.

ఓపెన్ సైట్ అంటే రెండే ముక్కలు. గొట్టం చివర నిలువుగా ఓ చిన్న రేకు. అది ఫ్రంట్ సైట్. వెనక చదరపు గాడి ఉన్న పలక. అది రేర్ సైట్. గాడి మధ్యలో రేకు నిలబడాలి, రెండింటి పైఅంచులు ఒకే గీతలో ఉండాలి, రేకుకు అటూ ఇటూ వెలుతురు సమానంగా కనిపించాలి.

లక్ష్యం 25 మీటర్ల దూరంలో ఉంటుంది. మన లెక్కలో చెప్పాలంటే 30 అంగుళాల ఎడంతో వేసిన మిరపచేలో అడ్డంగా 33 సాళ్ల అవతల! అక్కడ 20 సెంటీమీటర్ల నల్లటి గుండ్రం, దాని మధ్యలో 5 సెంటీమీటర్ల ‘పది’.

ఇప్పుడో చిన్న లెక్క. నిబంధన ప్రకారం రెండు సైట్ల మధ్య దూరం 220 మిల్లీమీటర్లు మించకూడదు. ఆ దూరానికి 25 మీటర్లు సుమారు 114 రెట్లు. అంటే గాడిలో రేకు ఒక మిల్లీమీటరు పక్కకు తప్పితే అక్కడ తూటా 11 సెంటీమీటర్లకు పైగా పక్కకు పోతుంది. మిల్లీమీటరులో అయిదో వంతు తప్పినా చాలు, ‘పది’ అంచుకు చేరిపోతుంది! అదే రేకు, గాడి సరిగ్గా కుదిరి ఉండి, చెయ్యి మొత్తంగా 5 మిల్లీమీటర్లు పక్కకు జరిగిందనుకోండి. తూటా కూడా ఆ 5 మిల్లీమీటర్లే జరుగుతుంది. అందుకే కోచ్‌లు లక్ష్యాన్ని చూడొద్దు, రేకును చూడమంటారు. కన్ను ఒకేసారి దగ్గరా దూరమూ స్పష్టంగా చూడలేదు. రేకు పదునుగా, నల్లటి గుండ్రం మసకగా కనిపించాలి. రేకును ఆ నలుపు మీద కాక దాని కింది తెల్లటి జాగాలో నిలబెడతారు. నలుపు మీద నలుపు కనబడదు మరి!

ఎంపిక ఇక్కడే ఉంది

అద్దం వద్దన్నారు కదా, ఇక ఎంచుకునేది ఏముంది అనుకోకండి. మంచి టార్గెట్ పిస్టళ్లకు వేర్వేరు వెడల్పుల రేకులు దొరుకుతాయి. గాడి వెడల్పునూ మార్చుకోవచ్చు. చెయ్యి పొడుగైతే రేకు కంటికి దూరంగా, సన్నగా కనిపిస్తుంది. కాబట్టి పక్కింటి అబ్బాయికి కుదిరిన రేకు మన అమ్మాయికి కుదరాలనేం లేదు. కొత్తవాళ్లకు రేకుకు రెండువైపులా వెలుతురు కాస్త ధారాళంగా ఉంటే మంచిది. మరీ ఇరుగ్గా ఉంటే కన్ను త్వరగా అలసిపోతుంది. మూడు సెకన్లలో చెయ్యెత్తి పేల్చాల్సిన రెండో దశలో అయితే ఇరుకు గాడిలో రేకును వెతుక్కునే తీరికే ఉండదు.

రేర్ సైట్‌కు మరలుంటాయి. తూటా ఎటు వెళ్లాలనుకుంటే గాడిని అటే జరపాలి. ఎడమకు పడుతుంటే కుడికి, కిందకు పడుతుంటే పైకి. అయితే ఒక్క తూటా చూసి మర తిప్పకూడదు. అయిదు పేల్చి, అవి గుంపుగా ఎక్కడ పడ్డాయో చూశాకే చెయ్యి పెట్టాలి.

25 మీటర్ల రేంజిలో షూటర్ నిలబడేచోట కప్పు ఉన్నా, ఎదురుగా ఆకాశమే. ఎండ ఓ పక్కనుంచి పడి రేకు అంచు మెరిస్తే కన్ను మోసపోతుంది. దీనికి పాతకాలం షూటర్ల చిట్కా మన పూజగదిలోనే ఉంది... హారతి కర్పూరం! పిస్టల్ ఖాళీ అని కోచ్ చూసి రూఢి చేశాక, కర్పూరం మంట మసిని రేకుకు పట్టిస్తారు. కాటుకలాంటి ఆ నలుపుకు మెరుపు ఉండదు.

మరి ఎర్రచుక్క ఎవరికి?

రెడ్ డాట్ చెడ్డదేం కాదు. స్వీడన్ కంపెనీ ఎయిమ్‌పాయింట్ 1970ల మధ్యలో దీన్ని బజారులోకి తెచ్చింది. చిన్న అద్దంమీద ఎర్రచుక్క ప్రతిబింబిస్తుంది. చుక్కా లక్ష్యమూ ఒకే దూరంలో ఉన్నట్టు కనిపిస్తాయి కాబట్టి రేకు, గాడి, లక్ష్యం అని మూడింటితో కుస్తీ పట్టక్కర్లేదు. నలభై దాటి దగ్గరచూపు తగ్గినవాళ్లకు ఇది వరమే. అమెరికాలో బుల్స్‌ఐ అని పిలిచే పోటీల్లో దీన్ని అనుమతిస్తారు కూడా. టెలిస్కోపు సంగతి వేరు. అది లక్ష్యంతోపాటు చేతి వణుకునూ పెద్దది చేసి చూపిస్తుంది.

మన దగ్గర జిల్లా, రాష్ట్ర, జాతీయ పోటీల మెట్లెక్కి ఒలింపిక్స్ దాకా వెళ్లాలనుకునే పిల్లలకు మాత్రం దారి ఓపెన్ సైట్‌దే. ఈ మాట విన్న తుళ్లూరు రైతు కాసేపు ఆలోచించి, ‘‘అయితే ఆ డబ్బులు తూటాలకీ బస్సు చార్జీలకీ వాడుకో అమ్మా’’ అన్నాడు. తెలివైన బేరం! క్రీడానగరం పూర్తయ్యి ఊళ్లోనే రేంజి వచ్చేదాకా ఆ పిల్లకు రెండూ కావాలి.

కొనేముందు...

* .22 పిస్టల్‌కి 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు తప్పనిసరి. దిగుమతి పిస్టల్ లక్షల్లో ఉంటుంది. కాబట్టి ముందు క్లబ్బులో చేరి, అక్కడి పిస్టల్‌తో చెయ్యి కుదుర్చుకోవాలి.

* కొత్త సైట్ కంటే ముందు కంటి పరీక్ష. చేతి దూరంలో రేకు పదునుగా కనిపించాలని డాక్టరుకు చెప్పండి. చూసే కన్ను ఏదో కోచ్‌తో తేల్చుకోండి.

* రెండో కన్ను బిగించి మూస్తే ముఖం అలసిపోతుంది. దానికి అడ్డుగా కళ్లజోడుకు 30 మిల్లీమీటర్ల వెడల్పు మించని చిన్న పట్టీ పెట్టుకోవచ్చు.

* రేకు మార్చితే వెంటనే తీర్పు ఇవ్వొద్దు. కొన్ని రోజులు సాధన చేసి, తూటాల గుంపు చిన్నదైందో లేదో కాగితం మీద చూడండి.