దస్తావేజుల్లో ఒక కుటుంబం

రాజవంశాల చరిత్రకు శాసనాలు, నాణేలు, కావ్యాల అవతారికలు ఆధారాలుగా నిలుస్తాయి. నాగలి పట్టి బతికిన కుటుంబానికి అటువంటివేవీ ఉండవని మనం సాధారణంగా అనుకుంటాం. తద్దినం పెట్టేటప్పుడు మూడు తరాల పేర్లు చెప్పగలిగితే అదే గొప్ప. అయితే రైతు తన కథ తాను రాసుకోకపోయినా, పన్ను వసూలు చేసేవాడు, జనాభా లెక్కించేవాడు, ఓడ ఎక్కించేవాడు, భూమికి పట్టా ఇచ్చేవాడు అతన్ని గురించి ఎంతో కొంత రాసిపెట్టారు. ఈ సంగతి నాకు పుస్తకాల వల్ల తెలియలేదు. అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో ఉద్యోగరీత్యా ఉన్న కాలంలో, మా పొరుగున నివసించిన ఒక వృద్ధ రైతు వల్ల తెలిసింది.

ఆయన వయస్సు అప్పటికి ఎనభైకి చేరువలో ఉంది. పూర్వీకులు జర్మనీ నుంచి వలస వచ్చిన వ్యవసాయదారులు. నాలుగు తరాలుగా దున్నిన నూట అరవై ఎకరాల పొలాన్ని ఆయన అమ్మక తప్పని పరిస్థితి ఏర్పడింది. పిల్లలు నగరాల్లో స్థిరపడ్డారు, తిరిగి వచ్చే ఆలోచన వారికి లేదు. అమ్మకపు పత్రం మీద సంతకం చేసేలోగా ఆ నేల తమవారికి ఎట్లా సంక్రమించిందో తెలుసుకోవాలని ఆయన కోరిక. ఇంట్లో ఒక జర్మన్ బైబిలు ఉండేది, కాని దాన్ని చదవగలవారు ఎవరూ మిగలలేదు. హైదరాబాదులో చదువుకునే రోజుల్లో నేను రెండేళ్లు జర్మన్ నేర్చుకున్నానని తెలిసి, దాన్ని తెచ్చి నా చేతిలో పెట్టారు. దానితోపాటు మూడు నమ్మకాలను కూడా అప్పగించారు. నాయనమ్మ తండ్రి జర్మనీలో సొంత భూమి గల రైతు. న్యూయార్క్ రేవులో అధికారులు ఆయన ఇంటిపేరును మార్చివేశారు. కాన్సస్ నేల మీద పుట్టిన నాయనమ్మ జీవితాంతం అమెరికా పౌరురాలు.

వంశచరిత్రను వెదకడంలో మొదటి నియమం తెలిసిన చోటు నుంచి తెలియని చోటికి వెనక్కి నడవడం. అమెరికాలో పదేళ్లకొకసారి జరిగే జనాభా లెక్కల అసలు పత్రాలను డెబ్బై రెండేళ్లు గడిచిన తరువాత ప్రజలకు తెరుస్తారు; 1950 నాటివి 2022 ఏప్రిల్‌లో బయటికి వచ్చాయి. మన దేశంలో ఈ వెసులుబాటు లేదు. జనాభా లెక్కల్లో మనం చెప్పిన వ్యక్తిగత వివరాలు 1948 నాటి చట్టం ప్రకారం గోప్యాలు. మేము 1940 నాటి పత్రాలతో ఆరంభించి, ఒక్కొక్క మెట్టూ దిగుతూ 1900కు చేరుకున్నాం. ఆ సంవత్సరపు పత్రం చాలా విలువైనది. పుట్టిన నెల, పెళ్లయి ఎన్నేళ్లయింది, ఏ సంవత్సరంలో అమెరికాకు వచ్చారు అన్న ప్రశ్నలతోపాటు, తల్లులను మరి రెండు ప్రశ్నలు అడిగారు: ఎంతమంది బిడ్డలను కన్నావు? ఎంతమంది జీవించి ఉన్నారు? నాయనమ్మ తల్లి పేరు ఎదుట తొమ్మిది, ఆరు అని రెండు అంకెలున్నాయి. పెద్దాయన ఆ రెండు అంకెలనూ చాలాసేపు చూశారు. చనిపోయిన ముగ్గురి సంగతి ఆ ఇంట్లో ఎవరూ ఎన్నడూ ఎత్తలేదట.

1900 నుంచి మరొక మెట్టు దిగుదామంటే అక్కడ మెట్టు లేదు. 1890 నాటి పత్రాల్లో అధిక భాగం 1921 జనవరిలో వాషింగ్టన్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో పాడైపోయాయి. మిగిలినవాటిని కూడా తరువాత ప్రభుత్వమే నాశనం చేయించింది. అదృష్టవశాత్తు కాన్సస్ రాష్ట్రం తన సొంత జనగణనను 1865 నుంచి 1925 వరకు పదేళ్లకొకసారి, అంకె అయిదుతో ముగిసే సంవత్సరాల్లో జరిపించింది. 1875 నాటి పత్రంలో కాన్సస్‌కు ఎక్కడి నుంచి వచ్చారన్న గడి ఒకటి ఉంది. జర్మనీ అని ఉంటుందనుకున్న చోట ఇల్లినాయ్ అని ఉంది. అంటే ఓడ దిగి నేరుగా ఇక్కడికి రాలేదు. నడుమ కొన్నేళ్లు మరొక రాష్ట్రంలో కూలికి పనిచేసి, నాలుగు డాలర్లు కూడబెట్టుకొని వచ్చారు. జనం లెక్కతోపాటు వ్యవసాయపు లెక్క వేరే పుటల్లో ఉంది. ఎన్ని ఎకరాలు, ఎంత మేర కంచె, ఏ పంట, ఎన్ని పశువులు అన్నీ వరుసగా రాశారు. మన గ్రామ కరణాలు రాసిన అడంగల్‌కు దూరపు చుట్టం వంటిది అది. 1874 వేసవిలో మిడతల దండు మైదానాలన్నింటినీ తినివేసింది. ఆ మరుసటి ఏడాది వసంతంలో రాసిన ఈ పుటలో ఆ ఇంటికి మిగిలినవి ఒక ఆవు, రెండు గుర్రాలు.

అసలైన నిధి పట్టా దస్త్రం. 1862 మే 20న అధ్యక్షుడు లింకన్ సంతకం చేసిన హోమ్‌స్టెడ్ చట్టం ప్రకారం, కొద్దిపాటి రుసుము చెల్లించి, అయిదేళ్లు అక్కడే నివసించి సాగు చేసినవారికి నూట అరవై ఎకరాల వరకు ప్రభుత్వ భూమి లభించేది. విదేశీయులు పౌరసత్వం పొందాలన్న ఉద్దేశాన్ని ముందుగా ప్రకటించాలి. పట్టా చేతికి వచ్చేనాటికి పౌరులై తీరాలి. అందువల్ల ఆ దస్త్రాల్లో పౌరసత్వ పత్రపు నకలు కూడా చేరి ఉంటుంది. దస్త్రాలు వాషింగ్టన్‌లోని జాతీయ ప్రాచీన పత్ర భాండాగారంలో ఉన్నాయి. మేము తెప్పించుకున్న నకలులో ఇద్దరు ఇరుగుపొరుగు రైతుల సాక్ష్యాలు కనిపించాయి. గడ్డివేళ్లతో బిగిసిన మట్టిపెళ్లలను కోసి కట్టిన ఒంటి గది ఇల్లు, ఒక బావి, పశువుల పాక, నలభై ఎకరాల దున్నిన నేల. కుటుంబం ఎప్పుడైనా ఇల్లు విడిచి వెళ్లిందా అన్న ప్రశ్నకు, పంట పోయిన ఏడాది యజమాని కూలికి వెళ్లాడని, భార్యాబిడ్డలు మాత్రం కదలలేదని సాక్షి చెప్పాడు. అయిదేళ్ల నివాసం నిలిచిందంటే ఆ ఇల్లాలు అక్కడ నిలవడం వల్లనే. పట్టా మీద ఆమె పేరు లేదు.

పట్టా దేశాధ్యక్షుని పేరిట వెలువడింది. దానికి ముందు ఆ నేల ఎవరిది అని పెద్దాయనే అడిగారు. రాష్ట్రానికి తమ పేరునిచ్చిన కాన్సా తెగవారు 1825, 1846 సంవత్సరాల ఒప్పందాలతో తమ భూమిలో అత్యధిక భాగాన్ని వదులుకున్నారు. చివరకు 1873లో వారిని నేటి ఓక్లహోమాలోని ప్రాంతానికి తరలించారు. పట్టా దరఖాస్తు మీద ఉన్న సంవత్సరం కూడా 1873. రెండు తేదీలను నేను ఒకే కాగితం మీద రాసి చూపినప్పుడు ఆయన మారు పలకలేదు.

ఇక సముద్రానికి ఆవలి కథ. వలస వచ్చినవారిని వెదకేవారికి ఎదురయ్యే పెద్ద చిక్కు ఊరి పేరు. అమెరికా పత్రాలు జర్మనీ అనో, మెక్లెన్‌బర్గ్ అనో రాసి ఊరుకుంటాయి. ఊరు తెలియనిదే అక్కడి చర్చి పుస్తకాలు తెరవలేం. బ్రెమెన్ రేవు నుంచి బయలుదేరినవారి జాబితాలు చాలవరకు నశించాయి. పాతవాటిని స్థలం చాలక అధికారులే పారవేశారు, తరువాతివి రెండో ప్రపంచ యుద్ధంలో పోయాయి. హాంబర్గ్ రేవు జాబితాలు మాత్రం 1850 నుంచి 1934 వరకు నిలిచి ఉన్నాయి. వాటిలో ప్రయాణికుడు ఏ ఊరి నుంచి వచ్చాడో కూడా రాసి ఉంటుంది. 1868 నాటి జాబితాలో మా దంపతులు ఒక పసిబిడ్డతో సహా దొరికారు.

ఇంటిపేరు విషయం ఇక్కడ తేలిపోయింది. రేవులో అధికారులు పేర్లు మార్చారన్నది అమెరికాలో ఇంటింటా వినిపించే కథ. నిజానికి రేవులోని గుమాస్తాలు ఓడవారు ముందుగానే రాసి తెచ్చిన జాబితాలను సరిచూసుకునేవారు. పైగా ఎల్లిస్ ద్వీపపు కేంద్రం 1892లో గాని తెరవలేదు. 1868లో వచ్చినవారు దిగింది కాజిల్ గార్డెన్‌లో. పేర్లను మార్చింది కాలమూ ఇరుగుపొరుగు నాలుకలూను. ష్మిట్ స్మిత్ అయ్యాడు, మ్యుల్లర్ మిల్లర్ అయ్యాడు. జనగణన గుమాస్తా చెవికి ఎట్లా వినిపిస్తే అట్లా రాశాడు. ఈ కుటుంబం పేరును నాలుగు పత్రాల్లో నాలుగు విధాలుగా చూశాను.

ఊరి పేరు దొరికాక మెక్లెన్‌బర్గ్-ష్వెరీన్ సంస్థానంలో 1867లో జరిగిన జనగణనను చూశాం. అవి పాత జర్మన్ చేతిరాతలో ఉంటాయి. ఆ లిపిలో ‘ఎ’ అక్షరం అచ్చంగా ‘న’కారంలా కనిపిస్తుంది, ‘ఉ’కారాన్ని గుర్తుపట్టడానికి దాని మీద చిన్న కొక్కెం ఉంటుంది. ఒక్క పుట చదవడానికి నాకు రెండు సాయంకాలాలు పట్టింది. యజమాని వృత్తి అన్న గడిలో ఉన్న మాటకు అర్థం దినకూలీ. ఆ సీమలో భూమి పెద్ద ప్రభువుల చేతుల్లో ఉండేది. 1820లో దాస్యాన్ని రద్దు చేసినా, ఊళ్లో కాపురం పెట్టడానికి భూస్వామి అనుమతి అవసరమయ్యేది. సొంత నేల మాట అటుంచి, సొంత గూడు కూడా ఆయన దయాధర్మం. ఇక్కడి నూట అరవై ఎకరాలు ఆ కుటుంబానికి తొలి భూమి అని తెలిసినప్పుడు పెద్దాయన చిన్నబోతారని నేను భయపడ్డాను. ఆయన నవ్వి, “అయితే మా తాత నేననుకున్నదానికన్నా గట్టివాడు” అన్నారు.

ముగ్గురు బిడ్డల జాడ తరువాత దొరికింది. కాన్సస్‌లో మరణాలను రాష్ట్రమంతటా నమోదు చేయడం 1911లో గాని మొదలు కాలేదు. కాని 1880 నాటి జనగణనతోపాటు, అంతకు ముందటి పన్నెండు నెలల్లో మరణించినవారి పట్టిక ఒకటి తయారైంది. 1875లో పేర్లున్న ఇద్దరు పిల్లలు 1880 జనాభా పత్రంలో లేకపోవడం చూసి మేము ఆ పట్టికను తెరిచాం. ఎనిమిదేళ్లు, అయిదేళ్లు, రెండేళ్లు. నెల జనవరి. కారణం కంఠసర్పి, అంటే డిఫ్తీరియా. బైబిలు చివరి పుటల్లో పుట్టినరోజుల వరుసలో మూడు పేర్ల పక్కన చిన్న శిలువ గుర్తులున్నాయి. అంతవరకు వాటిని సిరా మరకలనుకున్నారు.

మూడో నమ్మకాన్ని గురించిన పత్రం కాన్సస్ సిటీలోని భాండాగారం నుంచి వచ్చింది. 1887లో కాన్సస్‌లోనే పుట్టిన నాయనమ్మ, 1909లో తమ పొలంలో పనికి కుదిరిన ఒక జర్మన్ యువకుణ్ణి పెళ్లాడింది. అతడు ఇల్లరికపు అల్లుడుగా ఆ ఇంట్లోనే ఉండిపోయాడు. అప్పటికి అతడు పౌరసత్వం పొందలేదు. 1907 నాటి చట్టం ప్రకారం విదేశీయుణ్ణి పెళ్లాడిన అమెరికా స్త్రీ భర్త దేశానికి చెందిపోతుంది. 1917లో జర్మనీతో యుద్ధం వచ్చింది. మరుసటి ఏడాది పౌరులు కాని జర్మన్లందరూ శత్రుదేశీయులుగా నమోదు కావలసి వచ్చింది. స్త్రీల వంతు 1918 జూన్‌లో వచ్చింది. చాలా రాష్ట్రాల్లో ఆ పత్రాలు నశించగా, కాన్సస్‌వి మిగిలాయి. ఫోటో, పది వేలి ముద్రలు, బిడ్డల పేర్లు, శత్రుసైన్యంలో బంధువులున్నారా అన్న ప్రశ్న. జన్మస్థలం దగ్గర కాన్సస్ అని ఉంది.

పల్లెల్లో ఈ నమోదు పని పోస్టుమాస్టర్లకు అప్పగించారు. ప్రతిరోజూ ఉత్తరాలు అందించే మనిషే ఆమె వేళ్లకు సిరా పూశాడన్నమాట. ఆమె జీవితాంతం పోస్టాఫీసు గడప తొక్కలేదని, ఉత్తరాలకు పిల్లలనే పంపేదని పెద్దాయనకు గుర్తు. కారణం ఇదేనని ఆయన నమ్మారు. పత్రం ఆ మాట చెప్పదు, నేనూ చెప్పలేను. ఫోటోలో ఆమె కెమెరా వైపు సూటిగా చూస్తోంది.

భర్తకు 1921లో పౌరసత్వం లభించింది. చట్టం అప్పటికింకా మారలేదు కనుక, దానితోపాటే ఆమె కూడా పుట్టిన దేశానికి మళ్లీ పౌరురాలయింది. ఆమె కోసం వేరే పత్రం ఏదీ తయారు కాలేదు. భర్త ధ్రువపత్రం కింది భాగంలో, భార్య అన్న మాట ఎదుట, ఆమె పేరూ వయస్సూ ఒక పంక్తిలో ఉన్నాయి.